బ్రహ్మకు పూజ లేదన్నాను

అమ్మకు,

నీ పాదాలకు మొక్కి రాస్తున్నాను. నేనూ మీ అల్లుడూ ఇక్కడ బాగానే ఉన్నాం, ఏమీ దిగులు పెట్టుకోవద్దు. నీ మోకాళ్ల నొప్పి ఎట్లా ఉంది? నాయన షుగరు మాత్ర వేసుకుంటున్నాడా, దుకాణంలో బెల్లం ముక్క నోట్లో వేసుకుని మాత్ర సంగతి మర్చిపోతున్నాడా? ఆయన మీద ఒక కన్నేసి ఉంచు.

రోజూ ఫోనులో మాట్లాడుతూ మళ్లీ ఈ ఉత్తరం ఎందుకా అనుకుంటావు. నువ్వు ఫోను స్పీకరులో పెడతావు. నాయన, సరుకులకు వచ్చినవాళ్లు, ఎదురింటి పెద్దమ్మ, గిద్దలూరులో సగం మంది నా క్షేమం వింటారు. ఇది అట్లా వినిపించే సంగతి కాదు. మీ అల్లుడితో పాటు టైల్స్ గోడౌనులో పనిచేసే కనిగిరి ఆయన సెలవు మీద వస్తున్నాడు. ఆయన చేత పంపుతున్నాను. ఒక్కదానివే చదువుకో.

బ్యాంకాక్ పక్కనున్న ఈ ఊళ్లో వాన వదలడం లేదు. మన దగ్గర ఏడాది మొత్తానికి పడేది ఇక్కడ వారంలో పడి పోతుంది. కొనకనమిట్లలో మామ కంది చేను గుర్తొచ్చి, ఇంత నీళ్లు కాలవల్లో పోతుంటే కడుపు తరుక్కుపోతుంది. మీ అల్లుడు ఏడింటికి గోడౌనుకు వెళితే మళ్లీ చీకటి పడే వేళకే రావడం. ఇంట్లో టీవీ ఉంది గానీ ఒక్క ముక్క అర్థం కాదు. తిండికేం లోటు లేదు, కానీ బయట ఏ కూరలోనైనా చేపల నీళ్లు పోస్తారు. మొదట్లో పెరుగన్నం, నువ్వు కట్టిచ్చిన కందిపొడితోనే రోజులు దొర్లించాను.

ఆ తిండి కష్టం తీర్చింది మా ఇంటి ఓనరమ్మ. పేరు నోయ్. నీకంటే నాలుగైదేళ్లు చిన్నది. 'పీ నోయ్' అని పిలుస్తాను, పీ అంటే అక్క. వీళ్లకూ మనలాగే వరస పెట్టి పిలవకపోతే నోరాడదు. ముందు వాటాలో తను, వెనక వాటాలో మేము. నేను చేప తిననని తెలిశాక నాకోసం ఒక మూకుడు వేరే పెట్టింది. దాంట్లో ఇంకేదీ వండదు. ఏ పూటైనా కూర చేస్తే ఒక గిన్నె నా గడప దగ్గరికి వచ్చేస్తుంది. ఇట్లాంటి మనిషికి నేను చేసిన పని నీకు చెప్పుకోవాలి.

మార్కెట్టు మలుపులో ఇక్కడొక చిన్న గుడి ఉంది. బంగారు రంగు, నాలుగు ముఖాలు. ఫొటో పంపాను, గుర్తుందా? ఫ్రా ఫ్రోమ్ అంటారు, మన బ్రహ్మదేవుడే. వీళ్లు కొలిచేది బుద్ధుణ్ణి. కానీ కోరిక ఉంటే ఈయన దగ్గరికే వస్తారు. ఒక్కో ముఖం ముందు కొవ్వొత్తి, అగరొత్తులు, బంతిపూల దండ పెట్టి చుట్టూ తిరుగుతారు. మొక్కు తీరితే చెక్క ఏనుగు బొమ్మలు తెచ్చి పెడతారు. నువ్వు ఫోనులో "ఎంత కళగా ఉన్నాడు పాపా" అన్నావు. నాకేమో నవ్వొచ్చింది. బ్రహ్మకేంది, ఏనుగులేందని.

పీ నోయ్ కూతురు పేరు ప్లాయ్. పెళ్లయి ఆరేళ్లు. రెండుసార్లు కడుపు నిలవలేదు. ఇప్పుడు ఏడో నెల. కదలకూడదని డాక్టర్లు ఆస్పత్రిలో పడుకోబెట్టారు. ఆ పిల్ల కోసం వాళ్లమ్మ బ్రహ్మకు మొక్కుకుంది. రోజూ పొద్దున్నే నాలుగు దండలు పట్టుకుని వెళ్లేది. మూడు వారాల కింద ఒకరోజు ఆ దండలతోనే నా గడప దగ్గరికి వచ్చింది. ఆమెకు కొంచెం ఇంగ్లీషు వచ్చు. "ఆయన మీ దేశం నుంచి వచ్చినాయన గదా. నేను నా భాషలో అడుగుతున్నాను, ఆయనకు సరిగ్గా అర్థమవుతుందో లేదో. నువ్వొచ్చి ఆయన భాషలో ఒక్క మాట చెప్పు" అని అడిగింది.

వెళ్లి చేతులు జోడిస్తే సరిపోయేది. నాలో నుంచి పండితురాలు బయటికొచ్చింది. కార్తీకంలో త్రిపురాంతకం గుడిలో విన్న పురాణమంతా విప్పాను. శివలింగం పైకొస చూశానని బ్రహ్మ అబద్ధమాడడం, మొగలిపువ్వు దొంగసాక్ష్యం చెప్పడం, శివుడు శపించడం, అందుకే మా దగ్గర బ్రహ్మకు పూజ ఉండదని. ఆమెకు సగం అర్థం కాలేదు. అక్కడైనా ఆగానా అంటే లేదు, ఫోనులో ఇంగ్లీషులో కొట్టి వాళ్ల భాషలోకి మార్చి నొక్కాను. ఈ దేవుడు అబద్ధం చెప్పాడు, ఈయనకు శాపం ఉంది, ఈయనను పూజిస్తే ఫలితం రాదు అని నేను కొట్టిందంతా ఫోను గట్టిగా చదివి వినిపించింది. పీ నోయ్ కడదాకా విని నవ్వింది. ఇక్కడివాళ్లు మనసు నొచ్చుకున్నప్పుడు కూడా నవ్వుతారని నాకప్పటికి తెలియదు. ఏదో గొప్ప విషయం నేర్పానని సంతోషపడ్డాను కూడా. ఆమె దండలు తీసుకెళ్లి ఫ్రిజ్‌లో పెట్టుకుంది.

తర్వాత నాలుగు రోజులు ఆమె గుడికి వెళ్లలేదు. నాకు కూర గిన్నె కూడా రాలేదు, ఒంట్లో బాగాలేదేమో అనుకున్నాను. ఐదో రోజు మీ అల్లుడు వచ్చి చెప్పులు కూడా విడవకుండా అడిగాడు.

"ఓనరమ్మకు ఏం చెప్పినావు నువ్వు?"

ఆమె తమ్ముడు వీళ్ల గోడౌనులో డ్రైవరు. అక్క అన్నం ముట్టడం లేదని చెప్పాడట. బిడ్డను తప్పు చేతుల్లో పెట్టానా, ఇప్పుడు మొక్కు వెనక్కి తీసుకుంటే ఆయనకు కోపం వస్తుందా, తీసుకోకపోతే బిడ్డ దక్కదా అని కనపడిన ప్రతి భిక్షువునూ అడుగుతోందట.

"కడుపుతో ఉన్న పిల్ల తల్లికి చెప్పే మాటేనా అది? ఇంకెవురన్నా అంటే సరే, నువ్వనడమేంది మస్తానమ్మా?" అన్నాడు.

పెళ్లయ్యాక ఆయన నన్ను ఆ పేరుతో పిలవడం అదే మొదటిసారి. నేను పిలవనివ్వలేదు గదా.

అమ్మా, నాకు ముందు ఇద్దరు పోతే నువ్వు ఎవరి దగ్గరికి వెళ్లావు? మస్తాన్ స్వామి దర్గాకు. టెంకాయ కొట్టి, సమాధి గడపకు పసుపు రాసి, కుంకుమ పెట్టి, "స్వామీ" అని మొక్కావు. ఆ లోపలున్నాయన అల్లాకు మొక్కిన మనిషే గానీ దేవుడు కాడు, టెంకాయ ఆయన పద్ధతి కాదు. ఆ సంగతి దర్గా చూసుకునే ముజావరు తాతకు తెలియదా? నీ పసుపును ఆయన ఒక్కనాడూ తుడవలేదు. సగం చిప్ప నీ చేతికిచ్చి, నెమలి ఈకల కట్టతో నా నెత్తిన తట్టి, "ఈ బిడ్డ మా స్వామి బిడ్డ, పేరు మర్చిపోవాకు తల్లీ" అన్నాడు. స్వామి అనే మాట నీది. నీకోసం దాన్ని తన నోట పలికాడు.

నేనేమో ఆ పేరే దాచుకున్నాను. మార్కాపురం కాలేజీలో "కోమట్లకు సాయిబుల పేరేందే" అని ఎవరో నవ్వినందుకు, పెళ్లి కార్డులో మాధవి అని వేయించాను. "నీ ఇష్టం పాపా" అని నువ్వు వెళ్లి పప్పు రుబ్బుకుంటూ కూర్చున్నావు. ఆరోజు నీ ముఖం చూడలేదు నేను. ఇక్కడ పాస్‌పోర్టు చూసి పీ నోయ్ నా పేరుకు అర్థమేమిటని అడిగితే, ఏమీ లేదని చెప్పాను.

మరుసటి రోజు ఆమె దగ్గరికి వెళ్లి కింద కూర్చున్నాను. ఈసారి ఫోను తీసుకుపోలేదు. నా పేరు ఎట్లా వచ్చిందో వచ్చీరాని ఇంగ్లీషులో చెప్పాను. ఆమె అంతా విని ఒకే ఒక్కటి అడిగింది. "మీ అమ్మది ఆయన మతం కాదు గదా. అయినా ఆయన బిడ్డనిచ్చినాడా?"

"ఇచ్చినాడు, నేనే" అన్నాను.

ఇద్దరం గుడికి వెళ్లాం. ఆయన భాషలో చెప్పమంది గదా, నాకు బ్రహ్మ మీద ఒక్క శ్లోకం రాదు. నాలుగు ముఖాల ముందూ నిలబడి, దర్గాలో నువ్వనే మాటే అన్నాను. "స్వామీ, బిడ్డను నీ చేతిలో పెట్టినాం, నువ్వే చూసుకోవాల." పక్కన ఆమె కళ్లు మూసుకుని నిలబడింది.

అంతటితో సర్దుకుందని రాయాలని ఉంది గానీ నీకు అబద్ధం రాయలేను. ఆమె మళ్లీ దండలు తీసుకెళుతోంది, నాకు కూర గిన్నె కూడా వస్తోంది. కానీ రోజూ పొద్దున వెళ్లేముందు నా గడప దగ్గర ఆగి, "ఆయనకు కోపం లేదు గదా" అని అడుగుతుంది. లేదంటాను. మర్నాడు మళ్లీ అడుగుతుంది. ఒక్క నిమిషంలో పెట్టిన భయం, ఎన్నాళ్లు చెప్పినా ఆమెలోంచి పోవడం లేదు. ప్లాయ్‌కి ఇంకా రెండు నెలల పైనే ఉంది. ఏదైనా అటూఇటూ అయితే ఈమె నా మాటనే తలుచుకుంటుంది. నన్ను తిట్టదు, నవ్వుతుంది. అది తలుచుకుంటే నాకు ముద్ద దిగడం లేదు. నువ్వు మాత్రం కంగారుపడొద్దు, తింటూనే ఉన్నాను.

ఈ ఉత్తరం అందగానే గురువారం చూసుకుని దర్గాకు వెళ్లు. మోకాళ్లు నొప్పి కాబట్టి ఆటో మాట్లాడుకో, నడవొద్దు. ప్లాయ్ పేరు మీద టెంకాయ కొట్టి చక్కెర పంచు. వాళ్లది ఏ దేశం, ఏ దేవుడు అని ముజావరు తాత అడగడు. నీ మనసుకు కష్టంగా లేకపోతే, పేరు దాచుకున్నందుకు నేను సిగ్గుపడుతున్నానని ఆయనకు చెప్పు. నువ్వు కూడా నన్ను క్షమించు.

కనిగిరి ఆయన తిరిగొచ్చేటప్పుడు కందిపొడి, ఎండబెట్టిన కరివేపాకు, కొంచెం పసుపు పంపించు. నాయనకు, ఎదురింటి పెద్దమ్మకు, కొనకనమిట్ల మామకు నా నమస్కారాలు చెప్పు. మా ఇద్దరినీ దీవించు. ఒక దీవెన ఆ పిల్లకు కూడా పెట్టు.

అమ్మా, దర్గాలో ప్లాయ్ పేరు నీకు నోరు తిరక్కపోతే నా పేరే చెప్పు. అది ఆయనకు తెలుసు.

నీ కూతురు,
మస్తానమ్మ