మిడత మిగిల్చిన సగం

ప్రియమైన నా చిట్టితల్లికి,

అమ్మ రాసేది. ముందు నీ ఒళ్ళెలా ఉందో చెప్పు. నడుం పట్టేసిందని కిందటి ఉత్తరంలో రాశావు. క్రేనులో ఆ ఇనప కుర్చీ మీద దిండు వేసుకుంటున్నావా, లేదా? అంత ఎత్తున కూర్చుని కిందికి తొంగి చూడకు. అల్లుడుగారి మోకాలు తగ్గిందా? గోదాములో బరువులెత్తే మనిషి పట్టీ కట్టుకుంటే చిన్నతనమేమీ లేదని నేనన్నానని చెప్పు. మీ పక్క గదిలో ముసలి కాపలాదారు దగ్గు నిలిచిందా? అది మీకు అంటుకుంటుందేమోనని నాకు భయం. తలుపు వేసుకునే ఉండండి, కానీ ఆయన నొచ్చుకోకుండా వేసుకోండి. ఇక్కడ కింద వాటాలో దర్జీ వాళ్ళంతా బాగున్నారు. నాకేం, గుండ్రాయిలా ఉన్నాను.

బాగా లేనిదల్లా నీ కూతురి తిండి ఒక్కటే.

మన మిడత గెంతుతుంది, పాడుతుంది, మెట్లు రెండేసి చొప్పున దూకుతుంది. తిండి దగ్గరే పేచీ. పోనీ ఆకలి లేదా అంటే ఉంది. సగం దాకా చక్కగా తింటుంది. సగం అయ్యేసరికి ఎవరో గడియ వేసినట్టు నోరు మూసుకుంటుంది. ఇక నేను గిన్నె పట్టుకుని వంటింట్లోంచి ముందు గదిలోకి, అక్కడినుంచి మెట్ల మీదికి పరిగెత్తాలి. కిటికీ దగ్గర పావురాలను చూపించాను. కథలు చెప్పాను. ఇంకో నాలుగు ముద్దలు తింటే క్రీము బిస్కెట్టు ఇస్తానన్నాను. బిస్కెట్టు తీసుకుంది, ముద్దలు అలాగే ఉన్నాయి. చివరికి ఆ మిగిలింది పారెయ్యడానికి చెయ్యి రాక, గట్టు దగ్గర నుంచునే నేను తినేస్తాను. దాంతో నా పూట కూడా గడిచిపోతుంది. ఒక్కదానికి మళ్ళీ వేరే కంచం, వేరే తోముడు ఎందుకు?

మొన్న బడిలో పిల్లలందరినీ తూకం వేశారు. వయసుకి తగ్గ బరువు లేదని టీచరమ్మ అందరు తల్లుల మధ్యా నాతో అంది. సెలవులయ్యాక మళ్ళీ చూస్తారట. తలెత్తుకోలేక చెప్పులు వెతుక్కుంటున్నట్టు నటించాను. పిల్లని నాకు వదిలి వెళ్ళావు, నేను దాని కడుపు మాడుస్తున్నానని లోకం అనుకుంటోంది. ఏం చెయ్యమంటావో రాయి.

నీ ధ్యాసలోనే ఉండే,
అమ్మ


ప్రియమైన అమ్మకి,

ఆయన మోకాలు తగ్గింది, నా నడుమూ తగ్గింది. కాపలాదారు తాతకి దగ్గు నిలిచింది కానీ మాటలు ఆగలేదు. నువ్వు కంగారు పడకు.

మిడత సంగతి రేవు ఆసుపత్రిలో నర్సుగారితో మాట్లాడాను. ఆవిడ చెప్పింది చెప్పినట్టు రాస్తున్నాను. గిన్నె పట్టుకుని వెంటపడకు. కూర్చున్న చోటే తినాలి, లేస్తే ఆ పూటకి అంతే. మొదట కొంచెమే పెట్టు, చాలకపోతే అదే మళ్ళీ అడుగుతుంది. బిస్కెట్టు ఆశ చూపించావంటే కూర శిక్ష అనీ బిస్కెట్టు బహుమతి అనీ దాని బుర్రలో పడిపోతుందట. సంతకి వెంట తీసుకెళ్ళి కూరలు దాన్నే ఏరుకోనియ్యి. కడగడం, ఒలవడం దాని చేతికే ఇవ్వు. తాను ముట్టుకున్నది తినాలనిపిస్తుందట పిల్లలకి.

నువ్వు వేళకి తింటున్నావా? ప్రతి ఉత్తరంలోనూ ఇదే అడుగుతాను, నువ్వు ఒక్కసారీ జవాబు రాయవు.

పైనుంచి కిందికి చూడని,
నీ కూతురు


ప్రియమైన నా తల్లికి,

మీరిద్దరూ కులాసాగా ఉన్నారని తెలిసి ఒక రాత్రి నిద్రపట్టింది. ఆ తర్వాత మళ్ళీ మామూలే.

నీ నర్సమ్మ చెప్పినవన్నీ చేశాను. ఆవిడకి పిల్లలున్నారేమో కాస్త కనుక్కో.

సంతకి తీసుకెళ్ళాను. క్యారెట్లు తానే ఏరింది, బీన్సు దగ్గర ముక్కు మూసుకుంది. ఇంటికొచ్చి బఠాణీలు ఒలుస్తానని కూర్చుంది. గిన్నెలో పడినవాటికంటే మంచం కింద దొర్లినవే ఎక్కువ, ఇప్పటికీ కాలికి తగులుతున్నాయి. అంతా చేసి వండిపెడితే సగం తిని ఆపింది. సరే, కొంచెమే పెట్టమన్నావు కదా అని కొంచెమే పెట్టాను. ఆ కొంచెంలో సగం తింది. మూడు క్యారెట్ ముక్కలు పెడితే ఒకటిన్నర తిని, కొరికిన ముక్కని కంచం అంచున నీటుగా సర్దింది. దర్జీ టేపు పెట్టి కొలిచినా అంత సరిగ్గా రాదు. గుడ్డు ఉడకబెట్టి ఇస్తే తెల్లది తిని పచ్చసొన వదిలేసింది. పచ్చసొన అంటే దానికి ప్రాణమని నీకూ తెలుసు. ఇష్టమైనది కూడా తినకపోతే నేనింకేం పెట్టను?

కింద దర్జీకి వేళాకోళంగా ఉంది. పెద్దమ్మా, నీ మనవరాలి గౌనుకి కొత్త బట్ట కొనకు, నా దగ్గర మిగిలిన ముక్కలు చాలు అన్నాడు. అతని భార్య లోపలినుంచి కసిరింది గానీ, నేను ఆ మాట మోసుకుంటూ మెట్లెక్కాను.

నన్ను ఎక్కువ బాధపెట్టింది ఇది కాదు. బడికి పంపిన మధ్యాహ్నం డబ్బా రోజూ ఖాళీగా వస్తోంది. పారబోస్తోందేమోనని టీచరమ్మని అడిగాను. లేదండీ, మెతుకు వదలకుండా తింటుంది, మూత కూడా నాకుతుంది అంది. అదే నా చేతి వంట, అదే పిల్ల. బడిలో దిగేది ఇంట్లో ఎందుకు దిగదు? అంటే దానికి చేదు నా వంట కాదు, నా మొహం.

ఇది రాయకూడదనుకున్నాను కానీ నీ దగ్గర దాచలేను. నిన్న సాయంత్రం నా ఓపిక తెగింది. పొద్దున్నుంచి నిలబడి చేసింది సగంలో ఆపేసరికి చెయ్యి లేచింది, వీపు మీద ఒకటి పడింది. అది ఏడవలేదు. కంచం నా వైపు జరిపి, లేచి వెళ్ళి గోడకి తిరిగి పడుకుంది. నేనే ఏడ్చాను.

ఏమీ చేతకాని,
అమ్మ


ప్రియమైన అమ్మకి,

నీ ఉత్తరం ఆయనా నేనూ చదువుకున్నాం. దాన్ని కొట్టావని నాకు కోపం లేదని రాస్తే అబద్ధమవుతుంది. అంతకంటే నువ్వు ఎంత అలిసిపోయావో అర్థమైంది. ఈ వయసులో నీ మీద ఈ బరువు పెట్టడం మాదే తప్పు.

రేవు పక్కన పనివాళ్ళ పిల్లల్ని చూసుకునే చోటు ఒకటుంది. తెల్లవారుజామున వదిలితే చీకటి పడ్డాక తెచ్చుకోవచ్చు. మా ఇద్దరి పనీ అయ్యేదాకా అక్కడే ఉంటుంది. ఒక మంచం ఖాళీ అయిందట. మిడతని తెచ్చేసుకుంటాం. మా మేస్త్రీ వచ్చే నెలలో ఏ ఆదివారమైనా సెలవు ఇస్తానన్నాడు. దాని సామాను సర్దడానికి నీకు ఎప్పుడు వీలవుతుందో, తారీకు నువ్వే రాయి.

ఇది నీ మీద కినుకతో కాదమ్మా.

నీ కూతురు


ప్రియమైన నా చిట్టితల్లికి,

నువ్వూ అల్లుడుగారూ, ఆ తాతగారూ అందరూ బాగున్నారని తలుస్తాను.

నీ ఉత్తరం అందిన రోజే సర్దడం మొదలుపెట్టాను. ఎదురు చెప్పడానికి నా దగ్గర ఏం మిగిలింది? తెల్లవారుజామునుంచి చీకటిదాకా అది ఎవరో తెలియని మనుషుల మధ్య కూర్చుంటుందని తలుచుకుంటే నా చేతులు ఆడలేదు. చలికోటు ఒకసారి మడిచి మళ్ళీ విప్పాను. అక్కడ గాలి ఎక్కువ కదా. ప్రయాణానికని దర్జీకి గౌను కుట్టమని ఇచ్చాను, కొత్త బట్టతోనే.

మర్నాడు బడి లేదు. మధ్యాహ్నం మిడతకి కంచం పెట్టి, పక్కనే నేల మీద బట్టలు మడుస్తున్నాను. దర్జీ భార్య గౌను పట్టుకుని పైకి వచ్చింది. నా మొహం చూసి, ఎప్పుడు తిన్నారని అడిగింది. నేను మాట తప్పించాను. ఆవిడ కిందికి దిగి, వాళ్ళింట్లోంచి నిండుగా ఒక కంచం తెచ్చి బల్ల మీద మిడత కంచం పక్కన పెట్టింది. మీరు కూర్చుని తింటే తప్ప నేను కదలను అంది. ఆవిడ పట్టు తెలుసు కదా. కూర్చున్నాను.

మిడత నా కంచం చూసింది. తన కంచం చూసుకుంది. మళ్ళీ నా కంచం చూసింది. తర్వాత తలొంచుకుని తినడం మొదలుపెట్టింది. సగం దగ్గర ఆగుతుందని నేను చూస్తూనే ఉన్నాను. ఆగలేదు. మొత్తం తిని, వేలితో కంచం తుడిచి నాకింది.

ఇవాళ అంతా తినేశావేమే అన్నాను.

"ఇవాళ నీకు కంచం ఉంది కదా."

నాకేమీ అర్థం కాలేదు. ఉంటే ఏమిటన్నాను. ఇంత చిన్న సంగతి తెలియదా అన్నట్టు చూసింది.

"రోజూ ఉండదు కదా అమ్మమ్మా. నేనంతా తినేస్తే నువ్వేం తింటావు?"

దర్జీ భార్య గౌను మడతలు సర్దుతూ ఉండిపోయింది. పచ్చసొన నాకు ఎందుకు వదిలిందో అప్పుడు తెలిసింది. ఆ రోజు దెబ్బ తిని కూడా కంచం ఎందుకు జరిపిందో తెలిసింది. నాకు దుఃఖం వచ్చింది, దాని వెనకే కోపం కూడా వచ్చింది. ఒక్క మాట ముందే చెప్పచ్చు కదా. నాలుగేళ్ళ పిల్లకి నన్ను పోషించే పని ఎవరు అప్పజెప్పారు? ఎవరో కాదులే. మాట చెప్పకపోయినా, పూటపూటా నిలబడి అప్పజెప్పింది నేనే.

ఇప్పుడు బల్ల మీద రెండు కంచాలు పెడుతున్నాను, ఇద్దరం ఒకేసారి కూర్చుంటున్నాం. అంతా కుదిరిపోయిందని రాయను. బీన్సు ఈనాటికీ తినదు, కుర్చీ కిందికి జారుస్తుంది. పాల దగ్గర మొహం మాడ్చుకుంటుంది. పైగా ఇప్పుడు నా కంచానికి కాపలా కాస్తోంది. నమలలేక క్యారెట్ పక్కకి నెడితే, "కొంచెమే పెట్టుకో, కావాలంటే మళ్ళీ అడుగు" అంటుంది. నీ ఉత్తరం గట్టిగా చదువుకోవడం నా బుద్ధితక్కువ. నీ నర్సమ్మ వచ్చి మా ఇంట్లో కాపురం పెట్టినట్టుంది. నువ్వు ఎప్పుడూ అడిగేదానికి జవాబు కూడా ఇదే. వేళకి తింటున్నాను, తినకపోతే ఊరుకునే మనిషి లేదు.

సర్దిన బట్టలు తీసి మళ్ళీ అలమరలో పెట్టాను. నీ మాట కాదనడానికి కాదు, మడతలు నలుగుతాయని. తల్లివి నువ్వు, తీసుకెళ్తానంటే నేను అడ్డం నిలబడను. కానీ మీరిద్దరూ ముందొక పూట దాని పక్కన కూర్చుని తినండి. అది తినేది చూసి, ఆ తర్వాత చెప్పండి. అప్పటిదాకా ఆ ఖాళీ మంచానికి ఔనని చెప్పకు. ఈ ఒక్కటి నా కోసం ఆపు. దారిలో ఆకలేస్తోందని ఏదో ఒకటి కొనుక్కుని కడుపు నింపుకోకండి. బస్సు ఆగకముందే దిగకండి.

తారీకు నన్నే రాయమన్నావు కదా. బల్ల మీద నాలుగు కంచాలు పెట్టి ఉంచుతాం. వచ్చే నెల పన్నెండో తారీకు, ఆదివారం, మధ్యాహ్నం ఒంటిగంటకి.

మీరొచ్చేదాకా తినకుండా కూర్చోనని మాటిస్తూ,
అమ్మ