కుడివైపు వంపు

ఐన్ ఖాలిద్, దోహా
18 ఫిబ్రవరి 2022

శ్రీవారికి నమస్కారాలు.

ఇక్కడ నేనూ, సుమలతా, పసిపాపా కులాసా. అక్కడ మీరూ కులాసా అని మీ ఉత్తరం చెప్పింది గానీ, మీ చేతిరాత ఒప్పుకోలేదు. అక్షరాలు వణికాయి. బీపీ మాత్రలు మింగుతున్నారా, డబ్బాలో అందంగా ఉన్నాయని చూస్తూ కూర్చున్నారా?

ఫోన్‌లో నా మాట మీకు వినబడదు కనుక అన్నిటికీ ఇందులోనే జవాబు. మోకాలు బాగుంది. మనవరాలికి మీ ముక్కే వచ్చింది, ఏం చేస్తాం. ప్రపంచకప్పు ఇంకా తొమ్మిది నెలలుంది గానీ ఇక్కడి రోడ్లకు ఇప్పుడే పూనకం వచ్చింది. నిన్న కుడికి తిరిగిన దారి ఇవాళ ఎడమకు తిరుగుతుంది. అల్లుడు రోజూ మా గేటు వెతుక్కుంటూ ఇల్లు చేరతాడు.

"ఈ వయసులో పళ్ళెం ఆటేమిటి" అని అడిగారు. పళ్ళెం కాదు, ఫ్రిస్బీ. పక్కింటి తహెరున్నీసా నేర్పుతోంది. నిజామాబాద్ పిల్ల, అబూ హమూర్‌లో ఒక బడిలో ఆటల టీచరు. మొదటిరోజు భుజబలమంతా పెట్టి విసిరితే అది ఎవరిదో కారు మీద పడింది.

"పెద్దమ్మా, రోకలి ఎత్తుతున్నవా? చెయ్యి తొవ్వ సూపిస్తది, పని మణికట్టుది. యల్లా, మళ్ల ఎయ్యి!" అంది. యల్లా అంటే ఇక్కడి అరబ్బీలో 'కానియ్' అని.

తడిచీర దండెం మీద వేసేముందు విదిలిస్తామే, ఆ విదిలింపే ప్రాణం. అది లేకపోతే ఫ్రిస్బీ గాలిలో తడబడుతుంది. బయటి అంచు దించి విసిరితే ఎడమకు వంగుతుంది. అది వారంలో వచ్చింది. అంచు ఎత్తి విసిరితే కుడికి వంగాలి. అదే రాలేదు. వదిలే క్షణంలో మణికట్టు తిప్పేసేదాన్ని. వంపు ముందే పెట్టుకోవాలట, తరువాత మనసు మార్చుకోకూడదట. ముప్పై ఏళ్ళు లెక్కలు చెప్పినదాన్ని, ఈ ఒక్క లెక్కకు మూడు నెలలు పట్టింది.

ఇక్కడ అందరికీ చెవులు పనిచేస్తాయి. "అమ్మా, ఎందుకట్ల ఒర్లుతవ్?" అంటుంది సుమలత. మీతో మాట్లాడిన గొంతు ఇంకా తగ్గలేదు. తగ్గించి మాట్లాడితే నా మాట నాకే పరాయిదిలా ఉంటుంది. అందుకే చాలావరకు ఊరుకుంటున్నాను. నేను ఊరుకోవడం, మీరు చూడవలసిన వింత.

ఎప్పుడొస్తావని మూడుసార్లు రాశారు. ఈ ఉత్తరం తెచ్చిస్తున్న మన వీధి రాజేశం ఉన్నాడే, అతను సెలవు మీద వచ్చిన విమానంలో పక్క సీటు నాదే. టికెట్ దొరకలేదని పోయినసారి రాసింది అబద్ధం. నేనే తేదీ జరిపించాను. "బాపు అక్కడ తొవ్వ సూస్తుండు గదనే" అని సుమలత రెండురోజులు నాతో మాట్లాడలేదు.

పెళ్ళయిన కొత్తలో, కాలేజీలో డిస్కస్‌కు వచ్చిన పతకం చూపిస్తే, "పళ్ళెం ఇసిరితె గూడ పతకం ఇస్తరా?" అని నవ్వారు. మీకు గుర్తుండదు. నేను మళ్ళీ దేన్నీ విసరలేదు. ఈసారి సగం నేర్చుకుని మీ ముందు నిలబడటానికి భయమేసింది. మీ మీది బెంగ కంటే ఆ భయం రెండు వారాలు పెద్దదైంది. క్షమించండి.

ఈ మంగళవారం వంగింది. కుడికే. వరుసగా నాలుగుసార్లు. తహెరున్నీసా కేక వేసింది. నేను మాత్రం వెనక్కి తిరిగి మిమ్మల్ని వెతికాను.

మార్చి నాలుగున వస్తాను. మరునాడు పొద్దున్నే బడి మైదానంలో, నాకు పాతిక అంగల దూరాన నిలబడండి. నవ్వితే నవ్వండి. నేను విసిరింది మీవైపు రావడం లేదనిపిస్తుంది. దాని వెంట పరుగెత్తకండి. నేను పిలిచినా మీకు వినబడదు. నిలబడ్డ చోటే ఉండండి. వస్తుంది.

ఇట్లు,
మీ సుమలత తల్లి
విజయరాణి