దొర తలుపు వేసుకున్నాడు

చిరంజీవి తమ్ముడికి అక్క దీవించి రాయునది. ఇక్కడ మేము క్షేమం. క్షేమమంటే నేనూ మీ బావా పొద్దున లేస్తూనే ఒకరినొకరు తిట్టుకునేంత ఓపికతో ఉన్నామని అర్థం. ఆ ఓడ మీద నువ్వెలా ఉన్నావో, వేళకి తింటున్నావో లేదో రాయి. వంటవాడి ముక్కు పగలగొట్టానని కిందటి ఉత్తరంలో రాశావు. చదివి భయపడ్డాను, దాచడమెందుకు, కాస్త గర్వపడ్డాను కూడా. మన ఇంట్లో అందరికీ ముందు చెయ్యి లేస్తుంది, తర్వాత నోరు లేస్తుంది, బుర్ర అన్నిటికంటే ఆలస్యంగా లేస్తుంది. ఈ మాట ఇక్కడే గుర్తు పెట్టుకో, చివర్లో మళ్ళీ పని పడుతుంది.

నా ఆపరేషన్ గురించి అడిగావు. బాగానే అయింది. పిత్తాశయాన్ని రాళ్ళతో సహా తీసేశారు. డాక్టరు ఆ రాళ్ళు తెచ్చి చూపిస్తే, మా కొట్లో మేకల కడుపుల్లో ఇంతకంటే మంచివి చూశానన్నాను. ఆయన నవ్వలేదు. మీ బావ కొట్టు మూసేసి నా మంచం పక్కన కిందే పడుకున్నాడు. ఆయన గురకకి పక్క మంచం ఆవిడ రోజూ నర్సుకి చాడీలు చెప్పేది.

ఇక దొర సంగతి. దొరని ఏ హాస్టల్‌లో ఉంచావు, ఏం చూసి ఎంచావు, ఇప్పటికీ నువ్వు నేర్పినట్టు తాడు లాగి గేటు వేస్తున్నాడా అని రెండు ఉత్తరాల్లోనూ అడిగావు. నేను రెండుసార్లూ వాతావరణం గురించి రాశాను. నీకు అనుమానం వచ్చే ఉంటుంది. నీ కుక్కని నా చేతుల్లో పెట్టి వెళ్ళినవాడివి, నీకు చెప్పకపోతే ఎవరికి చెప్తాను? మొదటినుంచీ రాస్తాను, మధ్యలో కాగితం విసిరికొట్టకుండా చదువు.

ఆపరేషన్ రోజుల్లో దొరని ఉంచడానికి మొదట చూసింది రైలు కట్ట పక్కన ఒక పెద్దావిడ నడిపే కుక్కల హాస్టల్. ఎప్పుడూ మెడలో ఈల వేసుకుని ఉంటుంది, అందుకని నేనే ఆవిడకి ఈలమ్మ అని పేరు పెట్టాను. అక్కడ బోనులు పడుకోవడానికే. పగలంతా కుక్కల్ని దొడ్లో వదిలేస్తుంది. ఒకటే మొరుగుడు, చెవులు చిల్లులు పడ్డాయి. నేను కొట్టు కట్టేసి అటునుంచి అటే వెళ్ళాను. దొడ్లో అడుగు పెట్టానో లేదో అన్నీ వచ్చి నా కాళ్ళ చుట్టూ మూగాయి. ఒక గోధుమరంగు కుక్క నా చెప్పు పట్టుకు లాగింది. పక్కనున్న చిన్నది కూడా అదే చెప్పు మీద పడింది. అంతే, పెద్దది దాని చెవి కరిచి పట్టి గోనెసంచి దులిపినట్టు దులిపింది. చిన్నదాని చెవి సగం ఊడి నా పాదం మీద పడింది. నేను పెద్దదాని వెనక కాళ్ళు పట్టి లాగాను, మోచేతుల దాకా నెత్తురు. ఈలమ్మ ఈల ఊదింది. అది వినలేదు. గోడకి ఇంత లావు కర్ర ఆనించి ఉంది, ఆవిడ దాని వంక కూడా చూడలేదు. రెండు చేతులూ ఆ నోట్లో పెట్టి దవడలు విడదీసింది. కుక్క వదిలింది కానీ ఆవిడ బొటనవేలి మొదలు తెగి లోపల ఎముక కనబడింది.

చేతికి తువ్వాలు చుట్టుకుంటూ ఆవిడ నెమ్మదిగా అంది: “ఆ చెప్పులు బయట విడిచి రావాల్సిందమ్మా. వాటినిండా నెత్తురు వాసన.”

నాకు ఒళ్ళు మండిపోయింది. రోజూ కడుక్కునే చెప్పులు, వాసనేమిటి? కుక్కల్ని అదుపులో పెట్టడం చేతకాక నా చెప్పుల మీద నెపం వేస్తావేమని నోటికొచ్చినట్టు తిట్టి వచ్చేశాను. ఇంటికొచ్చి మీ బావకి చెప్తే ఆయన కూడా నా చెప్పులు వాసన చూసి, ఏమీ రావడం లేదే అన్నాడు. ఇన్నేళ్ళుగా మొద్దు దగ్గర నిలబడి మాంసం కొడుతున్న ఇద్దరం ఒకరికొకరం సాక్ష్యం చెప్పుకున్నాం.

రెండో చోటు చూసి మురిసిపోయాను. అంతా సున్నం వేసిన గోడలు, వరసగా బోనులు, నేల మీద వెంట్రుక లేదు. నడిపేది నాజూకైన మనిషి, తెల్ల బూట్లు వేసుకుంటాడు, ప్రతి మాటకీ చివర అండీ అంటాడు. అన్ని కుక్కలున్నాయా, ఒక్కటీ నోరెత్తలేదు. అన్నీ బోనుల్లో వెనక గోడకి ఆనుకుని కూర్చున్నాయి. ఉక్కగా ఉంటే నుదురు తుడుచుకోవడానికి చెయ్యి ఎత్తాను. వరసలో ఉన్న కుక్కలన్నీ ఒక్కసారి నేలకి కరుచుకుని పడుకున్నాయి. ఏం క్రమశిక్షణ, బడిపిల్లలు కూడా ఇలా ఉండరు అనుకున్నాను. ఆ మాట ఆయనతో అన్నాను కూడా. ఆయన సిగ్గుపడుతూ నవ్వాడు. తమ్ముడూ, పుట్టి బుద్ధెరిగినప్పటినుంచి జంతువుల మధ్యే బతుకుతున్నాను, బెదిరిన మేకని నడక చూసి చెప్తాను. ఆ రోజు నా కళ్ళు ఏమైపోయాయో తెలియదు. చప్పుడు లేకపోతే చాలు, సుఖంగా ఉన్నాయనుకున్నాను.

దొరని అక్కడే వదిలాను. నేను వెనక్కి తిరిగిన దగ్గరనుంచి వీధి మలుపు దాకా వాడి అరుపు వినబడింది. రెండు రోజుల్లో అలవాటు పడతాడండీ అన్నాడు తెల్లబూట్లాయన.

డాక్టరు అనుకున్నదానికంటే ముందే ఇంటికి పంపేశాడు. ఇంటికి పోయేముందు దొరని తీసుకుపోదామని మీ బావని వేధించి, పొట్టకి కట్టుతోనే ఆటోలో అక్కడికి వెళ్ళాను. చెప్పకుండా వెళ్ళాం. వీధి తలుపు చేరవేసి ఉంది. లోపల తెల్లబూట్లాయన మన దొర మెడతాడు పొట్టిగా పట్టుకుని, నీళ్ళ గొట్టం ముక్కతో కొడుతున్నాడు. కోపంగా కూడా కాదు, దుప్పటి ఉతుకుతున్నట్టు. గొట్టంలో ఇసుక నింపి రెండు చివర్లూ కట్టాడు. దెబ్బ పడినప్పుడల్లా దొర ఒళ్ళు ముడుచుకుంటోంది తప్ప గొంతులోంచి చప్పుడు రావడం లేదు. మొరిగితే కొడతాడు, మొరగడం మానేదాకా కొడతాడు, మానాక అది మరిచిపోకుండా ఉండేందుకు కొడతాడు. ఆ హాస్టల్ నిశ్శబ్దం అదీ.

ఇప్పుడు నీకు చెప్పలేక దాచుకున్న సంగతి రాస్తున్నాను. ఆ గొట్టం లాక్కున్నాను. ఎముక ఎక్కడుంటుందో, కీలు ఎక్కడ విడుతుందో నాకు తెలుసు కదా. మొదట మణికట్టు మీద కొట్టాను, విరిగిన చప్పుడు వినబడింది. తర్వాత భుజం, తర్వాత మోకాలు. కింద పడ్డాక మూతి మీద కొట్టాను. పళ్ళు ఆ తెల్ల బూటు మీద రాలాయి. అండీ అండీ అంటూనే ఉన్నాడు, అంటున్నకొద్దీ కొట్టాను. నాకు హాయిగా అనిపించింది, తమ్ముడూ. నీ దగ్గర అబద్ధమెందుకు. కుట్లు తెగి చీర తడిసిపోయింది, అదీ తెలియలేదు. చివరికి మీ బావ వెనకనుంచి పట్టుకుని “చాలే, చచ్చిపోతాడు” అని నన్ను ఎత్తి పక్కన పడేశాడు.

అప్పుడు గొట్టం విసిరేసి, చేతులు చాచి, “రారా దొరా, ఇంటికి పోదాం” అన్నాను.

వాడు రాలేదు. నా చేతుల వంక చూసి నేలకి కరుచుకున్నాడు. కిందంతా తడిసింది. అలాగే పొట్ట మీద పాకుతూ వెనక్కి వెనక్కి పోయి తన బోనులోకి వెళ్ళాడు. బోను తలుపుకి గడియ బదులు తాడు వేలాడుతోంది. ఆ తాడు నోటితో పట్టుకుని లాగి, నువ్వు నేర్పినట్టే, తలుపు వేసుకున్నాడు. లోపలినుంచి నా వంక చూశాడు. వాణ్ణి కొట్టినవాణ్ణి నేను కొట్టాననుకున్నాను. వాడు చూసింది గొట్టం పట్టుకున్న ఇంకో మనిషిని.

కేసు కాలేదు. పెడితే కుక్కల ఒళ్ళు చూపించాల్సి వస్తుందని ఆయనకి తెలుసు. మీ బావ ఆ కుక్కల వాళ్ళందరి ఇళ్ళకీ తిరిగి చెప్పాడు, ఇప్పుడు అక్కడ తాళం వేలాడుతోంది. నాకు మళ్ళీ కుట్లు వేశారు. దొరకి పక్కటెముక విరిగిందన్నారు, అది అతుక్కుంది. కానీ ఇంట్లో ఉండలేకపోయాడు. ముందు గదే కొట్టు కదా, నేను కత్తి ఎత్తినప్పుడల్లా, మొద్దు మీద దెబ్బ పడినప్పుడల్లా మంచం కిందకి దూరి తడిపేసేవాడు. అన్నం నేను పెడితే ముట్టేవాడు కాదు. మన దొరకి మన ఇల్లే ఆ హాస్టలైంది.

అందుకని ఇంకోసారి చోటు వెతకాల్సి వచ్చింది. ఈసారి వెతకలేదు. ఒళ్ళు రుద్దుకుని స్నానం చేసి, కొత్త చెప్పులు కొనుక్కుని, అవి కూడా గేటు బయట విడిచి ఈలమ్మ దగ్గరికి వెళ్ళాను. ఆవిడ బొటనవేలు ఇక వంగదట. తప్పు నాదేనని, క్షమించమని అడిగాను. కుక్క ఎక్కడ అని మాత్రం ఆవిడ అడిగింది. వాణ్ణి మీ బావ ఎత్తుకొచ్చాడు. ఇప్పుడు అక్కడే ఉంటున్నాడు. మిగతావాటితో కలిసి తింటున్నాడు, నిన్న గాక మొన్న ఒకసారి మొరిగాడని ఆవిడ చెప్పింది. ఆ మాట విని గేటు దగ్గరే ఏడ్చాను.

నువ్వు ఓడ దిగగానే ఇంటికి రావద్దు, ముందు అక్కడికి వెళ్ళు. నిన్ను చూస్తే వాడు మారతాడని నా ఆశ. తెల్లబూట్లాయన కోసం మాత్రం వెతకొద్దు. ఈ ఉత్తరం చదువుతూ నీ పిడికిలి బిగుసుకుని ఉంటుంది, నాకు తెలుసు. దాన్ని వదులు చేసుకుని వెళ్ళు. దొర మనుషుల మొహాలు చూడటం మానేశాడు, చేతులే చూస్తున్నాడు.

నేను రోజూ సాయంత్రం వెళ్ళి గేటు ఇవతల కూర్చుంటాను. చాలా రోజులు నన్ను చూడగానే వచ్చి గేటుకి కట్టిన తాడు లాగి మూసేసేవాడు. ఇవాళ తాడు నోటితో పట్టుకుని నిలబడ్డాడు. లాగలేదు, వదలనూ లేదు. చీకటి పడేదాకా నేను చేతులు ఒళ్ళో పెట్టుకుని కదలకుండా కూర్చున్నాను.

ఇట్లు,
నీ రాక కోసం, చేతులు కట్టుకుని చూస్తున్న
అక్క