ఓనరమ్మ సపోజులు

శనివారం, మడివాళ, బెంగళూరు

ఇల్లు దొరికింది. నా మొహానికి అదొక్కటే తక్కువ.

ఓనరమ్మ ఇక్కడే పుట్టి పెరిగిన తెలుగావిడ. అన్నీ సపోజులే.

“సపోజ్ ఆదివారం మటన్ తినాలనిపిస్తే?”

బయట తింటానన్నాను.

“సపోజ్ నేను ఊర్లో లేకుంటే తులసమ్మకి దీపం పెడతావా? ఊరికే అడుగుతా ఉండానప్పా.”

పెడతానన్నాను.

“మన మాదిరి పిల్లే ఉండావు. నిన్న చర్చికి పోయేవాళ్ళు వచ్చినారు, ఇల్లు లేదని పంపేసినా” అని నవ్వింది. సునీత అన్న నా పేరు విని తమవాళ్ళ పిల్లననుకుంది. నేనూ నవ్వాను.

ఇందాక అమ్మ ఫోన్ చేసి, “చర్చి దగ్గరేనా?” అంది. దగ్గరే అన్నాను. పాత గది గోడమీది సిలువ తీసి పెట్టెలో చీరల మధ్య సర్దాను.

సపోజ్ ఆవిడ నేరుగా అడిగుంటే నిజం చెప్పేదాన్నని ఇక్కడ రాయబోయాను. చెయ్యి రాలేదు.