ఎడమచేతి బద్ద

ఏమండీ, నా లీవు అయిపోయింది, డ్యూటీకి వెళ్తున్నాను. పాప పదింటికి లేస్తుంది. లేవగానే ఎడమచెయ్యి వంగకుండా కట్టిన బద్ద విప్పండి. లోపలికి వంగిన మణికట్టును మెల్లగా తిన్నగా చేసి, పది లెక్కపెట్టేదాకా పట్టుకోండి. అలా పదిసార్లు. ఫిజియోథెరపీ ఆవిడ చూపించినప్పుడు మీరు బయట ఫోన్లో ఉన్నారు, అందుకే ఇంత రాస్తున్నాను. ఇప్పుడు సాగదీయకపోతే ఏడాది నిండాక ఆపరేషన్ కష్టమట. మొదట ఏడుస్తుంది. తర్వాత ఊరుకుంటుంది. బద్ద మళ్ళీ కట్టేటప్పుడు పట్టీ మరీ బిగించొద్దు.

అత్తయ్య ఫోన్ చేస్తారు. కడుపుతో ఉన్నప్పుడు నేనేం తిన్నానో, ఎక్కడ పడ్డానో మళ్ళీ అడుగుతారు. కడుపులో రెండు నెలలు నిండకముందే బిడ్డ చెయ్యి అచ్చుపడిపోతుందని, అందులో ఎవరి తప్పూ లేదని డాక్టరుగారు మీ ముందే అన్నారు కదా. ఈసారి ఆ మాట మీరు చెప్పండి. నాకు చెప్పే ఓపిక లేదు. ఏడుపు కూడా రావడం లేదు.

పుట్టి నాలుగు నెలలైంది. మీరు ఎప్పుడూ కుడిచెయ్యే పట్టుకుని ఆడిస్తారు. చూస్తూనే ఉన్నాను.

అన్నట్టు, భయపడకండి, విరగదు. ఆ చేతికి బొటనవేలు లేదు గానీ, చిటికెనవేలిది ఉడుంపట్టు. మీ వేలు ఒకసారి ఇచ్చి చూడండి. విడిపించుకోవడం మీ తరం కాదు.