సమోసా సరిహద్దు

ఎల్లారెడ్డి,
25 ఫిబ్రవరి 2026

చిరంజీవి జోయల్‌కు,

బస్టాండు ముందర మిర్చి బజ్జీల బండి నుంచి మీ పెద్దబాపు స్వామిదాసు దీవించి రాయించే ఉత్తరం. ఇక్కడ అందరం కులాసా. కామారెడ్డిలో నువ్వు, పిల్లలు కూడా కులాసాగా ఉన్నారని తలుస్తాను.

ఫోన్ ఉండగా ఉత్తరమేమిటి అనుకోకు. బండి దగ్గర ఎప్పుడూ నలుగురు నిలబడే ఉంటారు, నా గొంతు సంగతి నీకు తెలుసు. పైగా ఫోన్లో నువ్వు చెప్పే పెద్ద మాటలు ఈ చెవిన పడి ఆ చెవిన పోతాయి. కాగితం మీద ఉంటే రెండుసార్లు చదివించుకోవచ్చు.

ఏప్రిల్‌లో హైదరాబాదు సెమినార్‌లో పొరుగు దేశాల దౌత్యం, వ్యాపారం ఇకముందు ఎట్లా ఉండాలో చెప్పబోతున్నావని మీ అమ్మ అన్నది. కాలేజీలో పాఠాలు చెప్పేవాడివి, మూడడుగుల సందు తగాదా తీర్చలేవా?

నా బండికీ ఖయ్యూం భాయ్ టీ హోటల్‌కూ మధ్య ఉన్నది మూడడుగులే. ఇరవై ఏళ్లుగా ఒక్కటే కట్టుబాటు. ఆయన నూనె మూకుడు పెట్టడు, నేను టీ గిన్నె పెట్టను. నా బజ్జీ తిన్నవాడు నోరు మండి ఆయన టీకి పోతాడు, ఆయన టీ తాగినవాడు బజ్జీ వాసనకు నా దగ్గరికి వస్తాడు. అట్లాంటిది రంజాన్ మొదలైన మూడోనాడు హోటల్ ముందు సమోసాల మూకుడు వెలిసింది. "ఇదేంది ఖయ్యూం భాయ్?" అని అడిగితే, "నా హోటలు, నా ఇష్టం దాసన్నా" అన్నాడు. అంతే, మాటలు బంద్.

ఇట్లాగే సాగితే వానాకాలం నాటికి బండి ఎత్తుకొని నిజాంసాగర్ రోడ్డు మీదికి పోవాలి. ఆ హోటల్ పక్కన తప్ప నాకు బజ్జీ వెయ్యడం చేతకాదు బిడ్డా. పోవాలంటే ప్రాణం ఒప్పడం లేదు. ఏదైనా దారి చెప్పు.

ఇట్లు,
నీ పెద్దబాపు స్వామిదాసు

తా.క.: సమోసా రుచి మాత్రం బాగానే ఉందని తిన్నవాళ్లు అంటున్నారు. మసాలా ఇంట్లో దంచిందేనట.

*

కామారెడ్డి,
28 ఫిబ్రవరి

పూజ్యులైన పెద్దబాపుకు జోయల్ వందనాలు.

మీ ఉత్తరం చదివి బాధపడాలి గానీ, నిజం చెబుతున్నాను, సంబరపడ్డాను. నా సెమినార్ పత్రంలో అన్నీ పుస్తకాల్లో ఏరుకున్న ఉదాహరణలే. మీది కళ్ల ముందు పొగలు కక్కే ఉదాహరణ.

పొరుగు దేశం ఒప్పందం మీరితే చెయ్యవలసింది బతిమాలడం కాదు, సరిసమానంగా బదులివ్వడం. వాళ్లు మన సరుకు మీద సుంకం వేస్తే మనం వాళ్ల సరుకు మీద వేస్తాం. అప్పుడు ఇద్దరికీ నొప్పి తెలిసి చర్చలకు కూర్చుంటారు. కాబట్టి మీరూ ఒక టీ గిన్నె పెట్టండి. సరిహద్దు అందరికీ కనబడేలా మధ్యలో ఒక తడక కట్టండి. నోరు మాత్రం జారకండి. వ్యాపార యుద్ధానికి మందు ఉంది, మాటల యుద్ధానికి లేదు.

ఖయ్యూం చాచాను నేను చిన్నప్పటి నుంచి ఎరుగుదును. మనిషి మంచివాడే, టీలోనే నీళ్లెక్కువ.

మీ ఆశీస్సులు కోరుతూ,
జోయల్

తా.క.: ఇది వ్యూహానికి సంబంధించిన ఉత్తరం. చదివించుకోగానే పొయ్యిలో వేసెయ్యండి. ఖయ్యూం చాచా చెవిన మాత్రం పడనివ్వకండి.

*

ఎల్లారెడ్డి,
5 మార్చి

చిరంజీవి జోయల్‌కు పెద్దబాపు దీవెనలు.

ఉత్తరం అందింది. రెండుసార్లు చదివించుకొని పొయ్యిలో వేశాను. చెప్పినట్లే చేశాను కూడా.

టీ గిన్నె పెట్టాను. మొదటి గ్లాసు ఆటో నడిపే యాకూబుకు ఇచ్చాను. ఒక్క గుటక వేసి, "దాసన్నా, గీ టీల మిర్చి గింజలొస్తున్నయేందే!" అన్నాడు. గిన్నె కొత్తదే గానీ గంటె బజ్జీలది. రెండోనాడు పాలు విరిగాయి. మూడోనాటి నుంచి టీ పెట్టడం మానేసి, టీకని పోయించుకునే పాలు నేనే తాగుతున్నాను. ఒళ్లు మాత్రం కొంచెం తేరుకుంది.

తడకా కట్టాను. మునుపు హోటల్లో కూర్చున్నవాడు చెయ్యి చాపితే బజ్జీ అందేది. ఇప్పుడు గ్లాసు పట్టుకొని రోడ్డు మీదుగా చుట్టు తిరిగి రావాలి. నిన్న అట్లా వస్తున్న ఇద్దరిని చూసి బిచ్కుంద బస్సు డ్రైవర్ హారన్ కొట్టి, నన్ను తిట్టి పోయాడు. నొప్పి నాకు తెలుస్తున్నది. ఆయనకు తెలుస్తున్నదో లేదో తెలియదు. చర్చలకైతే ఎవరూ కూర్చోలేదు.

ఇట్లు,
నీ పెద్దబాపు

తా.క.: తడక ఒక్కడి వల్ల నిలబడలేదు. అవతలి పక్క ఖయ్యూం భాయ్ పట్టుకుంటే ఇవతలి పక్క తాడు కట్టడం జరిగింది. ఇద్దరూ ఒక్క మాట మాట్లాడుకోలేదు.

*

కామారెడ్డి,
8 మార్చి

పూజ్యులైన పెద్దబాపుకు వందనాలు.

అధైర్యపడకండి. ఇరుగుపొరుగు మాట్లాడుకోనప్పుడు ఇద్దరికీ కావలసిన మూడో దేశం మధ్యవర్తిగా దిగుతుంది. మీ ఎదురుగా పాన్ డబ్బా నడిపే హనుమాండ్లు ఉన్నాడు కదా. ఆయనకు టీతో పోటీ లేదు, బజ్జీతో పోటీ లేదు. నా చిన్నప్పుడు చక్కెర బిళ్లలు ఊరికే చేతిలో పెట్టేవాడు. ఇంత నిస్వార్థపరుడు మధ్యవర్తిగా దొరకడం దేశాలకు కూడా కష్టం.

ఆయనను పిలిచి రెండు పక్షాల మాటా వినమనండి.

మీ,
జోయల్

తా.క.: మధ్యవర్తికి అటు టీతో, ఇటు బజ్జీతో మర్యాద చెయ్యండి. దౌత్యంలో విందుకు చాలా బలం ఉంది.

*

ఎల్లారెడ్డి,
13 మార్చి

చిరంజీవి జోయల్‌కు దీవెనలు.

నీ నిస్వార్థపరుడు వచ్చాడు. ఆ పక్క టీ తాగాడు, ఈ పక్క బజ్జీ తిన్నాడు. "ఇద్దరియి మస్తుగున్నయి. ఉత్తగ లొల్లెందుకు పెట్టుకుంటున్నరు?" అని మూతి తుడుచుకొని పోయాడు.

మర్నాటి నుంచి ఆ హోటల్లో ఫ్లాస్కు నిండా టీ కొంటున్నాడు, నా దగ్గర గంపెడు బజ్జీలు కొంటున్నాడు. పాన్ డబ్బాలో రెండూ కలిపి ఎక్కువ ధరకు అమ్ముతున్నాడు. పైన 'టీ బజ్జీ జోడీ' అని బోర్డు. తడక చుట్టూ తిరిగే ఓపిక లేని జనమంతా రోడ్డు దాటి అక్కడే నిలబడుతున్నారు. ఇంకొన్నాళ్లు పోతే ఆయనే మూకుడు పెట్టుకుంటాడు, అప్పుడు మా ఇద్దరితో పనేముంది?

నిన్న సాయంత్రం తడకకు ఇవతల నేనొక్కణ్ని, అవతల ఆయనొక్కడు. ఆయన దగ్గుతుంటే వినబడింది. ఇన్ని మంచినీళ్లిద్దామంటే నేను కట్టిన తడకే అడ్డం. ఏమి చదువు చదివావు బిడ్డా?

ఇట్లు,
స్వామిదాసు

తా.క.: ఆ దగ్గు పెద్దదేం కాదు, తగ్గింది.

*

కామారెడ్డి,
16 మార్చి

పూజ్యులైన పెద్దబాపుకు,

నన్ను క్షమించండి. సిగ్గుతో రాస్తున్నాను. దేశాల మధ్యా అచ్చం ఇదే జరుగుతుంది. నేరుగా పోయే దారి మూస్తే సరుకు ఆగదు, మూడో దేశం రేవు మీదుగా చుట్టు తిరిగి ధర పెంచుకొని అదే ఇంటికి వస్తుంది. ఇది నా పత్రం ఏడో పేజీలో ఉంది. రాసినవాడినే మరిచిపోయాను.

మొదట అడగవలసింది ఇప్పుడు అడుగుతున్నాను. ఇరవై ఏళ్ల స్నేహితుడు ఊరికే మూకుడు పెట్టడు. సమోసాకు ముందు ఏం జరిగింది? మీరేం చేశారు?

మీ,
జోయల్

తా.క.: ఏదీ దాచకుండా చెప్పండి. మీకూ నాకూ మధ్య మూడో మనిషి లేడు కదా.

*

ఎల్లారెడ్డి,
19 మార్చి

చిరంజీవి జోయల్‌కు,

అడిగావు కాబట్టి చెబుతున్నాను. పాస్టరు గారికి కూడా చెప్పలేదు, నీకొక్కడికే.

ఈ ఏడు ఆయన రంజాన్ ఉపవాసాలు, ఈస్టర్‌కు ముందరి మన శ్రమకాలం ఇంచుమించు ఒక్కసారే మొదలయ్యాయి. శ్రమకాలంలో నేను ఏటా మాంసం మానేసేవాణ్ని. మాంసం మానడం పెద్ద త్యాగమేమీ కాదు, పళ్లు లేనివాడికి అది ఎట్లాగూ కష్టమే. ఈసారి నాకు అన్నిటికన్నా ఇష్టమైనది మానాలనుకున్నాను. బాగా ఆలోచిస్తే అది ఖయ్యూం భాయ్ చేతి టీ అని తేలింది. ఈస్టర్ దాకా ముట్టకూడదని ఒట్టు పెట్టుకున్నాను.

రంజాన్ నెలంతా ఆయన ఉపవాసం విడవడానికి నా మొదటి వాయి బజ్జీలు పోతాయి. విడిచాక ఆయన చేతి మొదటి గ్లాసు నాకు వస్తుంది. అది మా మర్యాద. ఈసారి గ్లాసు వచ్చింది. నేను "వద్దు" అని నిండు గ్లాసు తిప్పి పంపాను. ఎందుకని అడిగితే చెప్పలేదు. ఉపవాసం మనుషులకు కనబడనివ్వవద్దని కదా వాక్యం. మర్నాడు నా బజ్జీల ప్లేటూ నిండుగా తిరిగి వచ్చింది. ఆ తర్వాతనే సమోసా.

ఇక చాలు, ఇక్కడికి ఆపుతున్నాను. రాసే చెయ్యి నడవడం లేదు.

స్వామిదాసు

*

ఎల్లారెడ్డి,
6 ఏప్రిల్

జోయల్ బేటాకు, ఖయ్యూం చాచా దువాలు.

నా పేరు చూసి కంగారుపడకు. అక్షరాలు చూడు. నీకు వచ్చిన ఉత్తరాలన్నిటి మీదా ఉన్నవి ఇవే అక్షరాలు.

మీ పెద్దబాపుకు సంతకం తప్ప రాయడం రాదు. ఆయన బ్యాంకు కాగితం, కరెంటు బిల్లు, వచ్చిన పెళ్లి పత్రిక, అన్నీ చదివి పెట్టేది నేనే. మాటలు బంద్ అయ్యాయి గానీ చదివి పెట్టడం ఎట్లా బంద్ చేస్తాను? ఆయన వచ్చి హోటల్లో బల్ల మీద కూర్చొని, గోడ వైపు చూస్తూ, "బిడ్డా జోయల్" అని మొదలుపెట్టేవాడు. నేను తల ఎత్తకుండా రాసేవాణ్ని. నన్ను తిట్టినవన్నీ బడి తెలుగులోకి మార్చాను. ఉన్నదున్నట్లు రాస్తే పోస్టుమాన్ ఆ కవరు ముట్టుకునేవాడు కాదు. నీ జవాబులు చదివి వినిపించిందీ నేనే. టీలో నీళ్లెక్కువన్న ముక్క మాత్రం గొంతు సవరించుకొని దాటేశాను. కింద తా.క.లు ఆయన చెప్పినవి కావు.

పోయిన ఉత్తరం రాస్తుంటే కలం ఆగిపోయింది బేటా. నిండు గ్లాసు తిరిగి వచ్చిన రోజు, ఎవరో ఏదో నూరిపోశారు, ఇరవై ఏళ్ల తర్వాత నా చేతి టీ ఈయనకు పనికిరాకుండా పోయింది అనుకున్నాను. ఇంట్లో మీ చాచీ ఖదీజాతో కూడా చెప్పుకోలేకపోయాను. ఆ మంటతోనే మూకుడు పెట్టాను. తీరా చూస్తే ఆయనకు లోకంలో అన్నిటికన్నా ఇష్టమైనది అదేనట.

మర్నాడే మూకుడు ఇంట్లోకి పోయింది. తడక విప్పుతుంటే అవతలి పక్క ఆయన తాడు వదిలాడు. రంజాన్ పండుగకు షీర్ ఖుర్మా పంపితే గిన్నె నాకి పంపాడు. టీ మాత్రం నేను పంపలేదు, ఆయనా అడగలేదు. ఒట్టు ఆయనది, నేను చెడగొట్టకూడదు. నిన్న ఈస్టర్. తెల్లవారుజాము ఆరాధన ముగిసేసరికి గ్లాసు పట్టుకొని చర్చి గేటు దగ్గర నిలబడ్డాను. అందరూ చూస్తుండగా నిలబడే తాగి, "గింత చక్కెరెవడన్న ఏస్తడా?" అని కసిరాడు. ఇక మాటలకు కరువు లేదు.

సెమినార్‌లో మా సంగతి చెప్పుకో. మా పేర్లు మార్చు. హనుమాండ్లు పేరు మాత్రం గట్టిగా చదువు.

దువాలతో,
మీ ఖయ్యూం చాచా

తా.క.: (ఇది మీ పెద్దబాపు పక్కన కూర్చొని చెబుతున్నది. ఈసారి ఒక్క ముక్క మార్చలేదు.) అరె జోయల్, ఉపవాసం మందికి చెప్పుకోవద్దని వాక్యంల ఉన్నది గని, ఉత్తరం రాయించొద్దని లేదు. నేను చెప్తుంటె నా ముందట గూసోని రాసేదెవ్వరో నాకు ఎరుకలేదా? మాటలు బందైనంక ఇంకెట్ల చెప్పాలె? అన్ని ఖయ్యూం భాయ్‌కే చెప్పిన బిడ్డా. స్టాంపొక్కటే నీ పేరు మీద అంటించిన.