ఎముక పట్టుకున్న ముక్క

తమ్ముడూ, దేవుడు నిన్ను చల్లగా చూడాలి.

ఆ రోజు పొద్దున నువ్వు వంకరగా వంచిన తీగను నా వేడినీళ్ల గ్లాసులో ముంచావు. అది దానంతటదే మెల్లగా తిన్నగా అయింది. "మీ అక్కని కూడా ముంచవోయ్, తిన్నగా అవుతుంది" అన్నారు మీ బావ. అందరం నవ్వాం. నికెల్, టైటానియం కలిసిన ఆ లోహంతోనే స్పాంజిలా చిల్లులున్న ముక్క చేసి, విరిగిన నా కాలి ఎముకలో పెట్టించావు.

అందులోని నికెల్ పడక ఇప్పుడు ఒళ్లంతా దద్దుర్లు. నికెల్ బయటికి రాకుండా పూత వేసిన కొత్త ముక్క చేశానని రాశావు, సంతోషం. కానీ నువ్వు కోరుకున్నట్టే పాతదాని చిల్లుల్లోకి ఎముక పెరిగిపోయింది. తీయాలంటే ఎముకనూ కోయాలి, ఆపైన నడక సంగతి చెప్పలేనన్నారు డాక్టరు.

సాయంత్రం ప్రార్థన అయ్యాక అందరం కూర్చుని, పాతదాన్నే ఉండనిద్దామని తేల్చాం. కొత్తది ఇంకెవరికైనా పెట్టు. ఈసారి మాత్రం వాళ్ల ఒంటికి నికెల్ పడుతుందో లేదో ముందే చూడు.

అక్క